ఇంటి కాగితాలు తాకట్టు పెట్టి అమెరికా ఎంబీఏకి వెళ్లాలా, గచ్చిబౌలిలో ఏడాది చదువుకోవాలా?

గోదావరి అమ్మాయి:
అందరికీ నమస్తే. వయసు 27. కాకినాడలో మెకానికల్ బీటెక్, ఆ తర్వాత నాలుగున్నరేళ్లుగా హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో టెస్టింగ్. ఏడాదికి 13 లక్షలు. ఈ పనిలోంచి బయటపడి ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ (ఏం తయారు చేయాలో, ఎందుకో తేల్చే పని) వైపు వెళ్లాలని నా ఆశ. క్యాట్ రెండుసార్లు రాశాను. పెద్ద ఐఐఎంల నుంచి పిలుపు రాలేదు. బిజినెస్ స్కూళ్లు చూసే ఇంకో పరీక్ష, జీమ్యాట్, కలిసొచ్చింది.

ఇప్పుడు చేతిలో రెండు సీట్లున్నాయి. ఒకటి గచ్చిబౌలి ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్), ఏడాది కోర్సు, హాస్టల్‌తో కలిపి నలభై లక్షల దాకా. రెండోది అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీ. రెండేళ్లు. ట్యూషన్‌లో సగం స్కాలర్‌షిప్ పోగా అన్నీ కలిపి 90 లక్షలు తేలుతోంది. ర్యాంకు మొదటి యాభైలో లేదు.

నాన్న రిటైర్డ్ టీచర్. రాజమండ్రిలో ఇల్లు తప్ప వేరే ఆస్తి లేదు. "నువ్వు ఏది అంటే అది" అంటున్నారు, అదే నాకు టెన్షన్. అమ్మది అమెరికా పట్టు. అక్కడుంటే సంబంధాలు వాటంతటవే వస్తాయట. శుక్రవారం లోపు ఏదో ఒకచోట డిపాజిట్ కట్టాలి. మొహమాటం లేకుండా చెప్పండి.

డల్లాస్ బాబాయి:
నా ఓటు అమెరికాకే. నేను 2008లో వచ్చాను. వచ్చిన నెలకే బ్యాంకులు కూలాయి, ఇంటికి ఫోన్ చేస్తే అందరూ "వెనక్కి వచ్చెయ్‌రా" అన్నవాళ్లే. వెళ్లుంటే ఇవాళ ఈ మాట రాసేవాణ్ణి కాదు. భయపెట్టేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారమ్మా.

మీ కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కింద ఉంటే చదువయ్యాక ఓపీటీ, అంటే స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి, ఏడాది, పొడిగింపు మరో రెండేళ్లు. అంటే మూడేళ్లు పని చేసుకుంటూ హెచ్1బీ అనే ఉద్యోగ వీసా లాటరీలో మూడుసార్లు పేరు వేయించుకోవచ్చు. సత్య నాదెళ్ల షికాగోలో ఎంబీఏ చేశాడు, శంతను నారాయణ్ బర్క్‌లీలో చేశాడు. ఇద్దరూ హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లే. నలభై లక్షలు పోసి మళ్లీ అదే గచ్చిబౌలిలో, అదే ట్రాఫిక్‌లోనా?

బ్యాంకు మాస్టారు:
డల్లాస్ బాబాయి గారూ, నాదెళ్ల గారి పేరు ఇక్కడ అతకదు. ఆయన షికాగో ఎంబీఏ చేసే నాటికే మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగి. వారాంతాల్లో విమానమెక్కి క్లాసుకి వెళ్లొచ్చి 1997లో పూర్తి చేశారు. ఉద్యోగం వదిలేసి, ఇల్లు కుదువ పెట్టి వెళ్లిన మనిషి కాదు. పేర్లతోనే తేల్చాలంటే ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు అజయ్ బంగా చదివింది అహ్మదాబాద్ ఐఐఎంలో.

అమ్మా, నేను ప్రభుత్వ బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. చివరి ఆరేళ్లు విద్యారుణాల సీటే. విదేశీ చదువంటే మామూలుగా ఏడున్నర లక్షలు దాటితే మేము ఆస్తి అడుగుతాం. ఇంటి దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఇంటి పన్ను రసీదు, లాయరు గారి అభిప్రాయం, ఇంజనీరు వేసిన విలువ, ఇవన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని తండ్రులు వచ్చేవారు. పిల్లలు ఫోన్ చూసుకుంటూ కూర్చునేవారు. సంతకం పెట్టేటప్పుడు మాత్రం చాలామంది తండ్రులు పెన్ను పట్టుకుని ఒక్క క్షణం ఆగేవారు. నేనేమీ అనేవాణ్ణి కాదు.

లెక్క చూద్దాం. 90 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్లు. నెలకు కిస్తీ సుమారు 1 లక్షా 24 వేలు. చదువుకునే కాలంలో పెరిగే వడ్డీ ఇందులో కలపలేదు. డాలర్ 90 రూపాయలనుకుంటే అది దాదాపు 1,380 డాలర్లు. అమెరికాలో 95 వేల డాలర్ల ఉద్యోగం ఉంటే ఇబ్బంది పడకుండా కట్టేస్తారు. అదే ఇంటికి తిరిగొచ్చి 20 లక్షల ఉద్యోగంలో చేరారనుకోండి, చేతికొచ్చే నెల జీతమంతా దాదాపు కిస్తీకే పోతుంది. అంటే ఈ అప్పు రూపాయల్లో తీసుకున్నా డాలర్లలో సంపాదిస్తేనే తీరే రకం. ఐఎస్‌బీ అప్పు 40 లక్షలు, 10 శాతం మీద పదేళ్లకి కిస్తీ 53 వేల లోపు. అది ఎక్కడున్నా తీరుతుంది. పైగా దేశంలో పేరున్న సంస్థలకైతే చాలా బ్యాంకులు ఆస్తి అడక్కుండానే ఇస్తాయి. మీ నాన్నగారి ఇల్లు ఇంట్లోనే ఉంటుంది.

డల్లాస్ బాబాయి:
మాస్టారూ, మీ లెక్కలో మనిషి ఓడిపోయి తిరిగొస్తాడనే మొదలెట్టారు. ఎందుకు రావాలి? రూపాయి సంగతి కూడా వేయండి. 2014లో డాలర్ 60 దగ్గర ఉండేది, 2025 డిసెంబరులో 90 దాటింది. అక్కడ సంపాదించేవాడికి ఇంటి అప్పు ఏటికేడు చులకనవుతుంది.

బ్యాంకు మాస్టారు:
ఒప్పుకుంటాను. అదే రూపాయి రెండో ఏడాది ఫీజు కట్టేటప్పుడు కూడా పడిపోతుంది, ఆ పక్క కూడా రాయండి.

తిరిగొచ్చిన పక్షి:
"ఎందుకు రావాలి" అని బాబాయి గారు అడిగారు కాబట్టి చెప్తాను. నేను వచ్చాను.

2021లో వెళ్లాను. ఇలాంటి యూనివర్సిటీయే, పేరు వద్దు. ఎంబీఏలో చేరిన రెండో నెలలోనే సమ్మర్ ఇంటర్న్‌షిప్‌ల కోసం కెరీర్ ఫెయిర్ పెట్టారు. ఇస్త్రీ చేసిన కోటు, చేతిలో పాతిక రెజ్యూమేలు. మొదటి బల్ల దగ్గర చాలా బాగా మాట్లాడారు. చివర్లో ఒక టాబ్లెట్ ఇచ్చి వివరాలు నింపమన్నారు. అందులో ఒక గడి: ఇప్పుడు గానీ ముందు ముందు గానీ మీకు వీసా స్పాన్సర్‌షిప్ కావాలా? అవును అని నొక్కగానే ఆవిడ నా రెజ్యూమే తీసుకుని పక్కన ఇంకో దొంతరలో పెట్టింది. ఆ దొంతరని మళ్లీ ఎవరూ ముట్టుకోలేదని సాయంత్రానికి అర్థమైంది. ఎనిమిది బల్లల్లో ఐదింటిది ఇదే కథ.

పెద్ద పేరున్న స్కూళ్లకి వచ్చే కన్సల్టింగ్, బ్యాంకు కంపెనీలు స్పాన్సర్ చేస్తాయి. మా స్థాయి స్కూలుకి వచ్చేవి చుట్టుపక్కల ఇన్సూరెన్స్ కంపెనీలు, హాస్పిటల్ గొలుసులు, గోదాములు నడిపేవాళ్లు. మంచి కంపెనీలే, వీసా గొడవ వాళ్లకి అక్కర్లేదు. చివరికి చిన్న కంపెనీలో అనలిస్టుగా చేరాను. అది నేను ఇక్కడ చేసి వెళ్లిన పనే. లాటరీ రెండుసార్లు తగల్లేదు, మూడోసారికి ఉద్యోగమే లేదు.

గోదావరి అమ్మాయి గారూ, ఒక పని చేయండి. స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ పంపే ఐ-20 పత్రం ఇచ్చి ఉంటే దాని మీద కోర్సు ఏ రకమో చెప్పే ఒక సీఐపీ కోడ్ ఉంటుంది. 52.1301 లాంటి స్టెమ్ కోడ్ కాకపోతే ఆ రెండేళ్ల పొడిగింపు లేనట్టే. అప్పుడు మూడు లాటరీల మాట మర్చిపోండి. మావాడొకడు ఇది చూసుకోకుండానే విమానం ఎక్కాడు.

సిరిసిల్ల పోరడు:
ఇప్పుడు హెచ్1బీకి లక్ష డాలర్లు కట్టాలి కదా అన్నా? ఇంక ఎవడు తీసుకుంటడు? ముచ్చట అక్కడికే అయిపాయె.

తిరిగొచ్చిన పక్షి:
అంత తేలిక కాదు తమ్ముడూ. 2025 సెప్టెంబరులో వచ్చిన ఆ ఉత్తర్వు ప్రధానంగా దేశం బయటున్నవాళ్ల కోసం వేసే కొత్త దరఖాస్తుల మీద. అక్కడే చదివి, అక్కడే ఉండి ఎఫ్1 అనే స్టూడెంట్ వీసా నుంచి మారేవాళ్లకి ఆ లక్ష వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. నాకు అంతకంటే పెద్ద మార్పుగా కనిపించేది వేరే ఉంది. లాటరీలో జీతం స్థాయి ఎక్కువున్నవాళ్లకి ఎక్కువ అవకాశం వచ్చేలా నిబంధన మార్చారు. పెద్ద స్కూలు నుంచి పెద్ద జీతంతో వెళ్లేవాడికి అది మేలు. మాలాంటి స్కూలు నుంచి మామూలు జీతంతో వెళ్లేవాడికే దెబ్బ.

డల్లాస్ బాబాయి:
మీకు జరిగినదానికి బాధగా ఉంది. కానీ ఒక్కరి అనుభవం చూసి అందరికీ గేటు వేయకండి. నా టీమ్‌లోనే గత ఏడాది అలాంటి స్కూలు నుంచి వచ్చిన ఇద్దరిని తీసుకున్నాం.

గచ్చిబౌలి 2019:
నేను ఐఎస్‌బీలో చదివాను. అందరూ నేను దాన్ని మోస్తాననుకుంటారు. సగమే మోస్తాను.

ఏడాది కోర్సులో సమ్మర్ ఇంటర్న్‌షిప్ ఉండదు. ఇది చిన్న విషయం కాదు. కొత్త రంగంలోకి దూకేవాళ్లకి ఆ రెండు మూడు నెలల ఇంటర్న్‌షిప్పే తలుపు. అది లేకపోతే కంపెనీవాళ్లు మీ పాత పనినే చూస్తారు. టెస్టింగ్ నుంచి వచ్చిన మనిషి ప్రొడక్ట్ ఇంటర్వ్యూలో కూర్చుంటే "మీరు ఏం తయారు చేశారు" అని అడుగుతారు. నా సెక్షన్‌లో ఇలా వచ్చి చివరికి ఐటీ కంపెనీల్లోనే కాస్త పెద్ద హోదాకి వెళ్లినవాళ్లున్నారు. జీతం పెరిగింది, పని పెద్దగా మారలేదు. తేలిగ్గా మారినవాళ్లు చేరకముందే ఏదో ఒకటి కట్టి చూపించినవాళ్లు.

రెండోది, అది డిగ్రీ కాదు, సర్టిఫికెట్. ఐఐఎంలు కూడా చాలాకాలం డిప్లొమానే ఇచ్చాయి, 2017 చట్టం తర్వాత డిగ్రీ మొదలైంది. ప్రైవేటు ఉద్యోగానికి ఇది అడ్డు రాదు. ముందు ముందు పాఠం చెప్పాలనో, డాక్టరేట్ చేయాలనో ఉంటే మాత్రం ఆలోచించుకోండి.

ఇక మోసే సగం. ఆ క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు హైదరాబాద్, బెంగళూరులో నిజంగా మనుషుల్ని తీసుకునే కంపెనీలు. వీసా గడి ఉండదు. పదేళ్ల తర్వాత కూడా ఫోన్ చేస్తే ఎత్తే సీనియర్లు ఇదే ఊళ్లో ఉంటారు. మీరు బతకాలనుకున్న ఊళ్లోనే మీ స్కూలు పేరు చెల్లాలి. ఆ అమెరికా స్కూలు పేరు మాదాపూర్‌లో చెప్తే "అదెక్కడ?" అంటారు. ఐఎస్‌బీ పేరు ఒహాయోలో చెప్పినా అంతే.

ప్లేస్‌మెంట్ రిపోర్టులో సగటు చూడొద్దు. పైన నలుగురికి వచ్చిన జీతాలు సగటుని లాగేస్తాయి. మీడియన్ అడగండి, అంటే జీతాలన్నీ వరసలో పెడితే సరిగ్గా మధ్యలో ఉండేది. దానికంటే ముందు, ఐటీ సర్వీసెస్ నుంచి వచ్చినవాళ్లలో ఎంతమంది ప్రొడక్ట్‌లోకి వెళ్లారని రెండు స్కూళ్లవాళ్లనీ అడగండి.

సిరిసిల్ల పోరడు:
అన్నలూ, అక్కలూ, ఒక మాట. మీరు నలభై లక్షలా తొంభై లక్షలా అని కొట్లాడుతున్నరు. నేను మన రాష్ట్రం ఎంబీఏ ఎంట్రెన్సు ఐసెట్ రాసి ఉస్మానియాలో ఎంబీఏ చేసిన. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద. ఇప్పుడు కూకట్‌పల్లిలో బ్యాంకు సేల్స్‌లో ఉన్న. నెలకు నలభై వేలు, అప్పు సున్న. నేను పెద్దగా ఎదిగిన అని చెప్పట్లేదు, ఐఎస్‌బీవాళ్లకి పడే జీతం నాకు కల. కానీ ఈ చర్చలన్నిట్లో మాలాంటోళ్లు ఉండరు, అందుకే రాస్తున్న. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కూడా క్యాట్ స్కోరు మీద తీసుకుంటది, ఫీజు వీటితో పోలిస్తే చాలా తక్కువ. చాలామందికి తెల్వదు.

ఇంకోటి. అమీర్‌పేటలో నాకు ఒక కన్సల్టెన్సీ ఆయన ఉచితంగా సలహా ఇచ్చిండు. గంటసేపు చాయ్ తాగించి మూడు అమెరికా యూనివర్సిటీల పేర్లు చెప్పిండు, మూడూ నేను వినలే. నన్ను పంపిస్తే ఆ యూనివర్సిటీ ఆయనకు కమీషన్ ఇస్తదని తర్వాత దోస్తు చెప్పిండు. ఉచిత సలహా ఎట్ల వస్తదో అప్పుడు సమజైంది.

మా తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకి విదేశీ చదువుకి 20 లక్షల దాకా ఇచ్చే స్కీములున్నయి, ఇంటి ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపుండాలె. అక్కది రాజమండ్రి కాబట్టి వర్తించదు. చదివేవాళ్లలో ఎవరికైనా పనికొస్తది.

గోదావరి అమ్మాయి:
అందరికీ చాలా థ్యాంక్స్. నాలుగు రోజులుగా మీరు చెప్పిన పనులే చేస్తున్నాను.

సీఐపీ కోడ్ చూశాను. స్టెమ్ కాదు. జనరల్ మేనేజ్‌మెంట్. బిజినెస్ అనలిటిక్స్ కాన్సన్‌ట్రేషన్ తీసుకుంటే మారుతుందేమో అని స్కూలుకి మెయిల్ పెట్టాను. "చేరాక మీ అడ్వైజర్‌తో మాట్లాడండి" అని జవాబు వచ్చింది. 90 లక్షల విషయంలో చేరాక మాట్లాడటం ఏమిటో నాకు అర్థం కాలేదు.

ఆ స్కూలులో గత రెండు బ్యాచ్‌ల ఇండియన్స్‌ని లింక్డిన్‌లో వెతికి పదకొండు మందికి మెసేజ్ పెట్టాను. ఆరుగురు బదులిచ్చారు. ప్రొడక్ట్‌లో ఒక్కరు ఉన్నారు, ఆయన వెళ్లకముందే ప్రొడక్ట్‌లో పనిచేసేవారు. ఐఎస్‌బీ నుంచి తొమ్మిది మందిని అడిగితే ఏడుగురు మాట్లాడారు. వాళ్లలో ముగ్గురు టెస్టింగ్, సపోర్టు నుంచి ప్రొడక్ట్‌కి మారినవాళ్లు. మిగతావాళ్లు గచ్చిబౌలి 2019 గారు చెప్పినట్టే ఐటీలోనే ఉన్నారు.

మాస్టారి లెక్క నాన్నకి చదివి వినిపించాను. రెండు కిస్తీల అంకెలూ క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో రాసుకున్నారు. ఏమీ అనలేదు. రాత్రి అన్నం తిన్నాక ఇంటి కాగితాల ఫైలు తీసుకెళ్లి మళ్లీ బీరువాలో పెట్టేశారు.

ఐఎస్‌బీకి డిపాజిట్ కట్టాను. అమ్మ రెండు రోజుల నుంచి మాట్లాడటం లేదు.

డల్లాస్ బాబాయి:
స్టెమ్ కాదని ముందే చెప్పుంటే నేనూ ఆ మాట అనేవాణ్ణి కాదమ్మా. అయినా స్టెమ్ ఉన్న స్కూలు, మొదటి ఇరవై ముప్పైలో ఏదైనా తగిలుంటే నా ఓటు ఇప్పటికీ ఇటే. ఆల్ ది బెస్ట్.

గచ్చిబౌలి 2019:
చేరేలోపు ఎన్ని నెలలున్నాయి? మీ ఆఫీసులో ప్రొడక్ట్ టీమ్ ఎవరిదో కనుక్కుని, జీతం లేకపోయినా సరే, సాయంత్రాలు వాళ్ల పని ఏదైనా అడిగి చేయండి. చిన్న ఫీచర్ అయినా పరవాలేదు. ఇంటర్వ్యూలో దాని గురించే పావుగంట మాట్లాడాల్సి వస్తుంది.

సిరిసిల్ల పోరడు:
అక్కా, ఆ లింక్డిన్ మెసేజ్ ఎట్ల రాసిన్రో ఇక్కడ పెడతరా? మా చెల్లె ఈసారి ఐసెట్ రాస్తున్నది. కాలేజీ సీనియర్లను గిట్లనే అడగమని చెప్త.