అప్‌డేట్: రైనోలో ఫసాడ్ ఫిన్స్ రంపపు పళ్లలా కనిపించిన సమస్య తీరింది

స్టూడియో ప్రాజెక్ట్‌లో పడమటి గోడకి (ఫసాడ్, అంటే భవనం బయటి ముఖానికి) నీడ కోసం పెట్టిన నిలువు ఫిన్స్, అంటే సన్నటి పలకలు, రైనో అనే 3డీ మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో వంకరటింకరగా వస్తున్నాయని పోయిన వారం అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"మోడల్ ఆరిజిన్‌కి ఎంత దూరంలో ఉందో చూడు తమ్ముడూ" అని జవాబిచ్చిన అన్నయ్య మాటే నిజమైంది. ఆరిజిన్ అంటే కోఆర్డినేట్లు మొదలయ్యే 0,0 బిందువు. సర్వే డ్రాయింగ్ యూటీఎం కోఆర్డినేట్లలో, అంటే ఉత్తర దిశ దూరాన్ని భూమధ్యరేఖ నుంచి కొలిచే మ్యాప్ పద్ధతిలో ఉంది. హైదరాబాద్ భూమధ్యరేఖకి దాదాపు 1,900 కిలోమీటర్లు ఉత్తరాన ఉంటుంది కదా, మిల్లీమీటర్లలో ఆ అంకె పది స్థానాలు. స్క్రీన్ మీద చూపించే మెష్ (ఆకారాన్ని బిందువులతో అల్లిన వల) సుమారు ఏడు స్థానాల వరకే కచ్చితం. అంత దూరంలో బిందువులు 128 మి.మీ.కి ఒకటి చొప్పునే కుదురుతాయి. నా ఫిన్ మందం 30 మి.మీ. మాత్రమే!

ప్లాట్ నైరుతి మూలని 0,0కి జరిపి, పాత విలువలు నోట్ చేసుకుని, మెష్‌లు మళ్లీ తయారు చేయించాను. అంచులు గీత గీసినట్టు వచ్చాయి. సాయంత్రం నాలుగింటి నీడ కూడా కిటికీ మీద అనుకున్నచోటే పడుతోంది. ప్రాణం లేచొచ్చింది.

గ్రాఫిక్స్ డ్రైవర్, ర్యామ్‌లకి దీనితో సంబంధం లేదు. డ్రైవర్ మార్చినా తేడా రాలేదు. టాలరెన్స్ (మోడల్‌లో ఒప్పుకునే తేడా) తగ్గించినా అంతే. సైట్ ఫైల్ తెచ్చుకోగానే ముందు కోఆర్డినేట్లు చూడండి, ఫిన్స్ తర్వాత.