అటక మీద దొరికిన మెట్లు లేని వీణ: ఇది ఏ వాద్యం? ఎంత విలువ చేస్తుంది?

తెనాలి_చిన్ని
అమ్మమ్మగారి ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద దుప్పటిలో చుట్టిన వాద్యం ఒకటి బయటపడింది. శబ్దం మోగే గుండ్రటి కుండ, పొడుగాటి దండి, చివర యాళి (సింహంలాంటి పురాణ జంతువు) తల, కింద చిన్న బుర్ర, అన్నీ వీణలాగే ఉన్నాయి. దండి మీద స్వరాల కోసం అడ్డంగా ఉండే మెట్లు మాత్రం ఒక్కటీ లేవు. తంతులు తుప్పుపట్టి తెగిపోయాయి. పాతసామాన్లు కొనే ఆయన చూసి "మెట్లు ఊడిన వీణ, 8 వేలిస్తా" అన్నాడు. అమ్మేముందు అసలు ఇదేంటో తెలుసుకోవాలని ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

పనసచెక్క
అమ్మకండి, తొందరపడకండి. ముందు దండి పైభాగం చూడండి. వీణకి 24 మెట్లుంటాయి, వాటిని దండికి అటూ ఇటూ పోసిన నల్లటి మైనం కట్టల్లో దిగేస్తారు. మెట్లు ఊడిపోయినా, మైనం గీకేసినా, ఆ కట్టలు కూర్చున్న చోట మరక పోదు. ఆ ఆనవాలు ఉందా? రెండోది, తంతులు బిగించే బిరడాలు లెక్కపెట్టండి. వీణకి ఏడే: వాయించే తంతులు నాలుగు, తాళం తంతులు మూడు. నాలుగు బిరడాలే ఉండి మెట్లు లేకపోతే తంబురా అయ్యుండొచ్చు.

తెనాలి_చిన్ని
మైనం జాడే లేదండి. దండి పైన చెక్క నున్నగా, బల్లపరుపుగా ఉంది. పెద్ద బిరడాలు కాకుండా పక్కన వరసగా చిన్న బిరడాలు, కొన్నిచోట్ల ఖాళీ రంధ్రాలు ఉన్నాయి. అన్నీ కలిపితే 21. కుండ మీద తంతులు ఆనే బ్రిడ్జి రెండంతస్తులుగా ఉంది. దుప్పటిలోనే నున్నటి నల్ల కర్రముక్క కూడా దొరికింది. అప్పడాల కర్ర తాలూకు ముక్కేమో అని అమ్మ పక్కన పెట్టింది.

పనసచెక్క
ఆ కర్రముక్కని భద్రంగా దాచండి! మీ ఇంట్లో ఉన్నది గోటువాద్యం. ఇప్పుడు చిత్రవీణ అంటున్నారు. దీనికి మెట్లు ఊడిపోవడం కాదు, పుట్టుకలోనే ఉండవు. ఎడమచేత్తో ఆ కర్రని తంతుల మీద జరుపుతూ వాయిస్తారు. అది ఎబొనీ అనే నల్లచేవ కర్ర కావచ్చు, కొమ్ము కావచ్చు. ఈ రోజుల్లో టెఫ్లాన్ కూడా వాడుతున్నారు. బ్రిడ్జి పై అంతస్తు వాయించే తంతులకి, కింది అంతస్తు వాటితోపాటు తమంతట తామే మోగే అనునాద తంతులకి. చిన్న బిరడాలు అందుకే. తిరువిడైమరుదూరు సఖారామారావు గారు దీన్ని మళ్లీ కచేరీ వేదిక ఎక్కించారు. ఆయన దగ్గర నేర్చుకున్న నారాయణ అయ్యంగార్ గారి పేరు ముందు గోటువాద్యం అన్నది బిరుదులా నిలిచిపోయింది. మన కాలంలో ఆయన మనవడు రవికిరణ్ గారిని వినే ఉంటారు.

గోదారిగట్టు
విచిత్రవీణ కాదా మాస్టారూ? దాన్నీ ఇలాగే జరిపి వాయిస్తారు, మెట్లుండవు.

పనసచెక్క
మంచి ప్రశ్న. విచిత్రవీణ హిందుస్తానీ వాద్యం. దండికి రెండు చివర్లా రెండు పెద్ద బుర్రలుంటాయి. చిన్నిగారు చెప్పింది చెక్కతో తొలిచిన కుండ, యాళి తల. అది దక్షిణాది పనితనం.

సాలూరు_సీతమ్మ
మాది బొబ్బిలి వైపు, మరమ్మతు పనులు దగ్గరుండి చూశాను. ఒక్క మాట గట్టిగా చెప్తున్నా: ఎవరైనా "మైనం పోసి మెట్లు బిగించి వీణ చేసిస్తాం" అంటే ఒప్పుకోకండి. మా బంధువుల ఇంట్లో ఇలాంటిదానికే ఆ పని చేయించారు. వీణగా పలకలేదు, గోటువాద్యంగా మిగల్లేదు. తిరిగి ఎవరూ బాగుచేయలేకపోయారు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

కుండకీ దండికీ మధ్య చెక్క గీతలు చూడు తల్లీ. తెగకుండా సాగితే ఒకే మానులో తొలిచిన ఏకాండి. మా గొల్లపల్లి వీణలు అలా పనసమానులో తొలిచేవే. గీతలు మారి సన్నటి అతుకు కనిపిస్తే విడి భాగాలు కలిపినది. అతుకు ఉందని చిన్నచూపు అక్కర్లేదు, తంజావూరులో గొప్ప వాద్యాలు అలా చేసినవే. అతుకు విడిందా, దండి వంగిందా, అదీ చూడాల్సింది. ఒక చివర కన్ను పెట్టి తుపాకీ గురి చూసినట్టు చూస్తే వంపు తెలిసిపోతుంది.

కొత్త తంతులు మాత్రం ఇప్పుడే బిగించకు. ఆ లాగుడికి పాత చెక్క పగులుతుంది. రాత్రి కింద తెల్లగుడ్డ పరిచి ఉంచు. పొద్దున్నకి సన్నటి పొడి రాలితే పుచ్చుపురుగు ఇంకా బతికే ఉందని.

భజనమందిరం
సందర్భం వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మా ఇంట్లో టైపుమిషను మీటల్లాంటివి ఉన్న తంతివాద్యం ఉంది. దానికీ ధర పలుకుతుందా?

పనసచెక్క
అది బుల్‌బుల్ తరంగ్ అండి. జపాన్‌లో 1912లో పుట్టిన తైషోగోతో మనదాకా వచ్చి అలా స్థిరపడింది. కొత్తవి చవగ్గా దొరుకుతాయి కాబట్టి డబ్బు పెద్దగా రాదు. శుభ్రం చేయించి భజనలో వాయించండి, అదే దానికి న్యాయం.

డాలస్_వీణ
చిన్నిగారూ, అంచుల్లో తెల్లటి నగిషీ ఉందా? ఉంటే భూతద్దంతో చూడండి. ఏనుగు దంతమైతే అడ్డకోత కనిపించే చోట ఒకదాన్నొకటి దాటే వంపు గీతలు వల అల్లినట్టుంటాయి. ఎముకైతే సన్నటి చుక్కలు. ఏమీ లేకుండా ఒకేలా ఉంటే ప్లాస్టిక్. దంతం అమ్మకం మన దేశంలో నేరం, తాతలనాటిదైనా అంతే. జింక కొమ్ముకీ వన్యప్రాణి చట్టం ఉంది. నేను మా నాయనమ్మ వీణ అమెరికా తెచ్చుకోవాలనుకున్నప్పుడు ఇవన్నీ తెలిశాయి. ఇంకోటి, నూరేళ్లు దాటిన వస్తువు 1972 చట్టం ప్రకారం పురావస్తువు, సొంతంగా విదేశానికి పంపకూడదు. అంత పాతది కాదని పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. అందుకే బయటిదేశం నుంచి ఎవరో పెద్ద ధర చెప్పారని ఆశపడకండి.

తెనాలి_చిన్ని
నగిషీ ప్లాస్టిక్‌లాగే ఉందండి, ఏ గీతలూ లేవు. కుండ వెనక చిన్న పగులుంది. దండి తిన్నగానే ఉంది. ఇంతకీ ధర ఎలా కట్టాలి?

పనసచెక్క
వయసుని బట్టి మాత్రం కట్టకండి. తంతివాద్యం పాతబడితే చాలు లక్షలు పలుకుతుందన్నది వయొలిన్ల గురించి విన్న కథల వల్ల పుట్టిన భ్రమ. ఇదే రకం కొత్తది చేయించడానికి ఎంతవుతుందో చేసేవాళ్లని అడగండి. అందులోంచి మీ వాద్యానికి మరమ్మతు ఖర్చు తీసేయండి. మిగిలింది వాయించేవాళ్లు ఇవ్వగల ధర. ఫలానా విద్వాంసుడు వాయించాడని ఫొటో, ఉత్తరం లాంటి రుజువుంటే లెక్క మారుతుంది. అమ్మమ్మగారి పాత పెట్టెలు వెతకండి. గోటువాద్యం నేర్చుకునేవాళ్లు తక్కువ కాబట్టి కొనేవాళ్లూ తక్కువే. కానీ వెతుక్కునే విద్యార్థికి ఇది దొరకడం గొప్ప విషయం. పాతసామాన్ల ఆయనకి ఇస్తే ఏ హోటల్ గోడకో అలంకారమైపోతుంది.

తెనాలి_చిన్ని
8 వేల బేరం వద్దని చెప్పేశాను. సీతమ్మగారూ, రాత్రి గుడ్డ పరిచాను, పొడి రాలలేదు. పగులు చూపించడానికి గొల్లపల్లి తీసుకెళ్దామనుకుంటున్నాం. బస్సులో తేవడం సురక్షితమేనా?

సాలూరు_సీతమ్మ
బస్సు వద్దమ్మా, కారులో తీసుకురా. బుర్ర ఊడదీసి విడిగా చుట్టు, యాళి మెడ కింద మెత్త పెట్టు. ఎండలో కారు ఆపి వదిలేయకు. ఆ కర్రముక్క మర్చిపోకు.