ఇల్లు కట్టేవాళ్లకి గంట లెక్కన ఇస్తే ఎలా ఉంటుంది?

కొత్తిల్లు_కేఆర్‌పురం:
బెంగళూరు కేఆర్‌పురం దగ్గర 30×40 సైటులో ఇల్లు కడుతున్నాం. స్లాబ్, ప్లాస్టరింగ్ అయ్యాయి. ఇప్పటిదాకా లేబర్ కాంట్రాక్టే, చదరం (వంద చదరపు అడుగులు) లెక్క. డబ్బుల దగ్గర తేడాలొచ్చి కాంట్రాక్టరు వెళ్లిపోయాడు. ఇంకా బాత్రూములు, వైరింగ్, టైల్స్ ఉన్నాయి. ఇవైనా గంట లెక్కన చేయిద్దామనుకుంటున్నా. ఎన్ని గంటలు చేస్తే అన్ని డబ్బులు, గొడవ ఉండదు. అనంతపురంలో మా నాన్నకి చెబితే ఫోన్లోనే నవ్వాడు. ఎందుకంటారు?

అద్దెకొంప_మారతహళ్లి:
గంటకి ఇస్తే గంటకో బీడీ, పూటకి నాలుగు టీలు. గుత్తకి ఇచ్చేసి నిశ్చింతగా పడుకోండి.

బేల్దారి_బిడ్డ:
బీడీల లెక్క రాసినాయన ఓసారి పొద్దున ఏడింటికి లేబర్ అడ్డా దగ్గర నిలబడి చూడాలి. మా నాయన కదిరి నుంచి వచ్చి ఇరవై ఏళ్లు ఈ ఊళ్లోనే బేల్దారి పని చేసినాడు. తొమ్మిదిలోపు ఎవరూ పిలవకపోతే ఆ రోజుకి కూలి లేనట్టే, బస్సు ఛార్జీ ఎదురు. మీరు మూడు గంటలకి పిలిచి మూడు గంటల డబ్బులే చేతిలో పెడితే, మిగిలిన రోజుని ఆయన ఎవరికి అమ్ముకోవాల? అందుకే అడ్డాలో రోజు ఉంటుంది, పూట ఉంటుంది, గంట ఉండదు. పైగా మేస్త్రీ ఖాళీగా కూర్చున్నాడంటే చాలాసార్లు తప్పు మనదే. ఎం-శాండ్ (రాయి నలగ్గొట్టి చేసే ఇసుక) లారీ రాదు, నీళ్ల ట్యాంకర్ రాదు, కరెంటు పోయి కట్టర్ తిరగదు. ఆ ఖాళీకి కోత పెట్టేదానికే కదా ఈ గంట లెక్క?

అద్దెకొంప_మారతహళ్లి:
గంట ఉండదా? సాయంత్రం ఆరు దాటితే ఓటీ అని అడిగేది గంటకే కదా తమ్ముడూ.

బేల్దారి_బిడ్డ:
అడక్కపోతే ఎవరిస్తారన్నా? స్లాబ్ వేసేరోజు కాంక్రీట్ మధ్యలో ఆపకూడదని రాత్రి పదకొండు దాకా చేయించుకుంటారు. ఆ పొద్దు ఓనర్లకి గంటలు గుర్తుండవు. అదనపు గంటలకి రెట్టింపు ఇవ్వాలని 1948 కనీస వేతనాల చట్టం కిందే రాసుకున్నారు. మా నాయనకి మాత్రం రెట్టింపుగా దొరికింది టీనే.

సివిల్_ఇంజినీర్:
ఇద్దరూ కూలి దగ్గరే ఆగిపోయారు. నేను పనిని బట్టి చెబుతాను. రోజుకూలికిస్తే పని నిదానమవుతుంది, గుత్తకిస్తే తొందరవుతుంది. తొందరలో పోయింది పైకి కనబడేదైతే గుత్తకే ఇవ్వండి. టైల్స్ చదరపు అడుగు లెక్క, వైరింగ్ పాయింట్ లెక్క. టైలు వంకర పోతే రసమట్టం పెడితే తెలిసిపోతుంది, విప్పించి మళ్లీ వేయించొచ్చు. బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్ అలా కాదు. ఒక కోటింగ్ ఆరాక రెండోది వేయాలి. ఆ తర్వాత నీళ్లు నింపి రెండు రోజులుంచి, కింది సీలింగ్ చెమ్మగిల్లిందేమో చూడాలి. గుత్త మనిషికి ఆ రెండు రోజులూ నష్టమే కాబట్టి పొద్దున నింపి సాయంత్రం టైల్స్ మొదలెడతాడు. లీకు బయటపడేది మీరు కాపురం పెట్టాక. క్యూరింగ్ సంగతీ ఇంతే. కాంక్రీట్‌ని మామూలు సిమెంట్ అయితే కనీసం 7 రోజులు, బూడిద కలిపిన పీపీసీ సిమెంట్ అయితే 10 రోజులు తడిగా ఉంచాలని కాంక్రీట్ పనులకున్న భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. గుత్త లెక్కలో ఆ పని ఎవరిదో రాసి ఉండదు, చివరికి వాచ్‌మన్ మీద పడుతుంది. బాత్రూములు మాత్రం రోజుకూలికి చేయించండి.

పెద్దకోడలు_హోస్కోటె:
రోజుకూలి అంటే దగ్గరుండి చూసే మనిషి కావాలి. మా ఇంటి పనికి మా అత్తయ్య మూడు నెలలు ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆవిడ కూలి కూడా కలిపితే మాకు గుత్తే చవక పడేది.

కొత్తిల్లు_కేఆర్‌పురం:
సరే, బాత్రూములు రెండూ రోజుకూలికి, వైరింగ్, టైల్స్ కొలత లెక్కకి. గంటల మాట వదిలేశా. చూసుకోవడానికి నాన్న ఆదివారం బయల్దేరుతున్నాడు. ఒక్కటి చెప్పండి, వాన పడి పని ఆగిపోతే ఎంతివ్వాలి?

బేల్దారి_బిడ్డ:
మనిషి వచ్చినాక పడితే పూట కూలి ఇచ్చేయండి. తెల్లారే పడుతుంటే మాత్రం ఆరింటికల్లా ఫోన్ చేసి చెప్పండి, లోపలి పని ఉన్న ఇంకో ఇల్లు చూసుకుంటారు.