సర్పంచి ఆమె, జవాబులు ఆయనవి: ఏం చేయాలి?

పర్లాకిమిడి విలేకరి:
నమస్కారం. ఒడిశాలోని గజపతి జిల్లా నుంచి ఒక తెలుగు పత్రికకు వార్తలు పంపుతుంటాను. మహిళా సర్పంచులపై వరుస కథనాలు కావాలని డెస్కు అడిగింది. కాశీనగర్ వైపు ఒక సర్పంచి ఇంటికి వెళ్తే, ఆమె మంచినీళ్లిచ్చి గుమ్మం పక్కన నిలబడ్డారు. బోరు ఎప్పుడు వేయించారన్నా భర్తే చెప్పారు, ఆమె ఎంతవరకు చదివారన్నా భర్తే! ఫొటోకు మాత్రం ఆమెను ముందుకు పిలిచారు. ఆమెతో మాట్లాడించేదెలా? ఈ పనిలో తలపండినవారు చెప్పండి.

రేడియో పిన్ని, బరంపురం:
అమ్మాయీ, నా ఉద్యోగమంతా రేడియోలో మహిళల కార్యక్రమాలతోనే గడిచింది. ముందు ఆ ఇంటికి వెళ్లడం మానుకో. అక్కడ ఆమె కోడలు. గ్రామసభ రోజున వెళ్లు, అధ్యక్షత ఆమెదే. నేను టేపురికార్డరు దించగానే మగవాళ్లు గొంతు సవరించుకునేవారు. సరే, ముందు వాళ్లనే తనివితీరా మాట్లాడనిచ్చేదాన్ని. వాళ్లు టీకి లేచాక ఆడవాళ్ల మధ్య చేరి, చింతపండులో పిక్కలు తీస్తూ కూర్చునేదాన్ని.

‘మహిళగా మీకెలా అనిపిస్తోంది’ అని మాత్రం అడగకు. ఏ బిల్లుపై సంతకం పెట్టారు, ఏది ఆపారు అని అడుగు. ఒక వార్డు మెంబరు నాతో చాలాసేపు ముక్తసరిగానే మాట్లాడింది. గొట్టపుబావి సంగతి ఎత్తానో లేదో, పైపు ఎన్ని అడుగులు దిగిందీ, కాంట్రాక్టరు ఎన్ని అడుగులకు బిల్లు పెట్టిందీ వేళ్ల మీద లెక్క చెప్పేసింది! వంటల కార్యక్రమం పక్కన ఈ గొడవేమిటని మా పెద్దాయన ఒకరు విసుక్కున్నారు. వంట అవగానే వేశాను. రేడియో దగ్గర ఆడవాళ్లందరూ ఉండేది అప్పుడే మరి.

సవర గిరిజనుల ఊళ్లకు వెళ్తే దుబాసీగా అక్కడి సంఘం మహిళనే తీసుకెళ్లు. మగ దుబాసీ వస్తే కథ మళ్లీ మొదటికే.

రాయగడ పాఠకుడు:
పనులు చూసేది భర్తే అయినప్పుడు ఆయన చెబితే తప్పేమిటి?

రేడియో పిన్ని, బరంపురం:
అయితే అదే వార్త రాయాలి నాయనా, ‘సర్పంచి పని భర్త చేస్తున్నాడు’ అని. ఒప్పుకుంటాడేమో అడిగి చూడండి. ఒడిశా పంచాయతీల్లో 2012 ఎన్నికల నుంచి సగం పదవులు ఆడవాళ్లవి. సర్పంచి పురుషుడైతే నాయబ్ సర్పంచిగా, అంటే ఉపసర్పంచిగా, మహిళే ఉండాలి. అంటే ప్రతి పంచాయతీలోనూ అడగడానికి ఒక మహిళ ఉన్నట్టే.

జయపురం లైబ్రేరియన్:
ప్రపంచవ్యాప్త మీడియా పరిశీలనలో, వార్తల్లో కనిపించేవాళ్లలోనూ వినిపించేవాళ్లలోనూ మహిళలు 1995లో 17 శాతం. 2020కి 25 శాతమే! సంగారెడ్డి జిల్లా మాచనూరులో సంఘం రేడియోను 2008 నుంచి దళిత మహిళలే నడిపారు. వాళ్ల పని తీరు తెలుసుకోండి, మీ కథనాలకు పనికొస్తుంది.

పర్లాకిమిడి విలేకరి:
పిన్నిగారూ, ఇంకొక్కటి. డెస్కు ఆమె పేరు పక్కన బ్రాకెట్లో భర్త పేరు వేస్తుంది.

రేడియో పిన్ని, బరంపురం:
నువ్వు పంపే కాపీలో ఆ పేరే ఉండకూడదు. ఫోన్ చేసి అడిగితే, ఎమ్మెల్యే పేరు పక్కన భార్య పేరు ఎప్పుడు వేశారో చెప్పమను. ఫొటో కూడా రిజిస్టరు ముందు కూర్చున్నదే పంపు, దండలు వేసుకున్నది వద్దు.