సర్వీస్ డిజైన్‌లో మాస్టర్స్: కోర్సు ఎంపిక, పోర్ట్‌ఫోలియో, థీసిస్

కొత్తగీత:

నమస్కారమండీ. గ్రాఫిక్ డిజైన్ చదివి ప్రస్తుతం యాప్ స్క్రీన్ల పని చేస్తున్నాను. సర్వీస్ డిజైన్‌లో మాస్టర్స్‌కి దరఖాస్తు పెట్టాలని ఉంది. కోర్సుల వివరాలు తిరగేస్తుంటే ఎక్కడ చూసినా అవే మాటలు: పర్సోనా, జర్నీ మ్యాప్, బ్లూప్రింట్, కో-డిజైన్. ఏ కోర్సుకి ఏ కోర్సుకి తేడా ఏమిటో, అసలు యూఎక్స్ పీజీకీ దీనికీ తేడా ఏమిటో పట్టుకోలేకపోతున్నాను. ఏడాది కోర్సు తీసుకోవాలా, రెండేళ్లదా? నా పోర్ట్‌ఫోలియోలో ఉన్నవన్నీ స్క్రీన్లే, దాన్ని ఎలా మార్చుకోవాలి? థీసిస్‌లో జనం ఎక్కువగా ఎక్కడ ఇరుక్కుపోతారో కూడా ముందే తెలిస్తే మేలు. ఈ రంగంలో ఉన్నవాళ్లు వివరంగా చెప్పగలరు.

తెరవెనుక:

ముందు తేడా సంగతి. యూఎక్స్ (యాప్, వెబ్‌సైట్ వాడేవాళ్ల అనుభవాన్ని డిజైన్ చేయడం) పని ఎక్కువగా మనిషికీ స్క్రీన్‌కీ మధ్య జరుగుతుంది. సర్వీస్ డిజైన్‌లో ఆ స్క్రీన్ ఒక మెట్టు మాత్రమే. మీరు 'సమర్పించు' బటన్ గీశారు. అది నొక్కాక ఆ దరఖాస్తు ఎవరి బల్ల మీదికి వెళ్తుంది, ఆయన సెలవులో ఉంటే ఎవరు చూస్తారు, తిరస్కరించాల్సి వస్తే ఆ మాట ఎవరు ఎలా చెప్తారు? ఈ ప్రశ్నలకి జవాబు వెతకడమే ఇక్కడ చదువు.

ఈ విద్య పుట్టిందే అలా. ఒక సేవలో కనిపించే పనుల్నీ కనిపించని పనుల్నీ వరసలుగా గీసి చూపే బ్లూప్రింట్ పద్ధతిని 1980లలో రాసి పెట్టింది బ్యాంకింగ్, మార్కెటింగ్ రంగంలో పనిచేసిన లిన్ షోస్టాక్. డిజైన్ స్కూళ్లలోకి వచ్చింది ఆ తర్వాతే: 1991లో జర్మనీలోని కొలోన్ నగరంలో డిజైన్ ప్రొఫెసర్ మైకేల్ ఎర్ల్‌హాఫ్ దీన్ని డిజైన్ చదువులో భాగం చేశారు, 1995 నుంచి బిర్గిట్ మాగర్ అక్కడే దీనికి ప్రొఫెసర్‌గా పనిచేశారు. కాబట్టి సంస్థ ఎలా నడుస్తుందన్నది ఈ సబ్జెక్టులో అదనపు అలంకారం కాదు, పునాది.

అందుకే సిలబస్‌లో పద్ధతుల పేర్లు చూడకండి, అవి అందరూ రాస్తారు. సంస్థల నిర్మాణం, నిర్వహణ, ఖర్చుల లెక్క, అమలు వీటికి విడిగా క్రెడిట్లు ఉన్నాయా చూడండి. స్టూడియో ప్రాజెక్టు చివర్లో విద్యార్థి అప్పగించేది ఏమిటో అడగండి. యాప్ నమూనా, ఒక వీడియో, అంతే అంటే అది పేరు మారిన యూఎక్స్ కోర్సు. సిబ్బంది పాత్రలు, ఎవరికి ఎంత అదనపు పని పడుతుంది, ఏ నియమం మార్చాలి అనేవి కూడా అడుగుతున్నారంటే నమ్మొచ్చు.

ఇక కాలం. ఏడాదా రెండేళ్లా అని కాదు, గంటలు లెక్క వేయండి. బ్రిటన్‌లో మాస్టర్స్ అంటే మామూలుగా 180 క్రెడిట్లు, క్రెడిట్‌కి 10 గంటల పని, మొత్తం 1800 గంటలు. 45 వారాలకి పంచితే వారానికి 40 గంటలు, అంటే పూర్తి ఉద్యోగమంత. యూరప్‌లో రెండేళ్ల కోర్సు 120 ఈసీటీఎస్ (యూరప్ దేశాల ఉమ్మడి లెక్క) క్రెడిట్లు, ఒక్కోటి 25 నుంచి 30 గంటలు, మొత్తం 3000 నుంచి 3600 గంటలు. ఇటలీలోని మిలాన్ పాలిటెక్నిక్‌లో ఉన్న ప్రొడక్ట్ సర్వీస్ సిస్టమ్ డిజైన్ ఈ రెండో రకం.

గంటలు తగ్గితే ముందు నలిగిపోయేది క్షేత్ర పరిశోధన. 10 వారాల ప్రాజెక్టు అనుకోండి. భాగస్వామి సంస్థలో అడుగుపెట్టే అనుమతికే 2, 3 వారాలు పోతాయి. చివరి 2 వారాలు ప్రదర్శనకి. మధ్యలో మిగిలిన 5, 6 వారాల్లో పరిశోధన, ఆలోచనలు, ప్రోటోటైప్ (పరీక్షించి చూసే నమూనా), పరీక్ష అన్నీ. అప్పుడు మొదట వదిలేసేది సిబ్బందితో కూర్చోవడం, ఎందుకంటే వాళ్ల సమయం దొరకడమే కష్టం. ఆసుపత్రిలోనో ప్రభుత్వ శాఖలోనో నిర్వహణ వైపు ఇప్పటికే పనిచేసినవాళ్లకి ఏడాది సరిపోతుంది. మీరు స్క్రీన్ల వైపు నుంచి వస్తున్నారు కాబట్టి నా ఓటు రెండేళ్లకే.

చుక్కలదారి:

పోర్ట్‌ఫోలియో గురించి నేను చెప్తాను. స్క్రీన్లు తీసేయక్కర్లేదు. ఒక ప్రాజెక్టుని మాత్రం తెర వెనక్కి పొడిగించండి. ఉదాహరణకి వినికిడి యంత్రాల మరమ్మతు సేవ తీసుకుందాం.

కాగితాన్ని అడ్డంగా పెట్టి 5 వరసలు గీయండి. పైనుంచి: వాడే మనిషికి కనిపించే వస్తువులు, ఆ మనిషి చేసే పనులు, ఎదురుగా ఉన్న సిబ్బంది పనులు, కనిపించని సిబ్బంది పనులు, వీటన్నిటినీ మోసే వ్యవస్థలు. రెండో వరసకీ మూడో వరసకీ మధ్య గీత ఇద్దరూ కలిసే చోటు. మూడుకీ నాలుగుకీ మధ్యది కంటికి ఆనే హద్దు. నాలుగుకీ అయిదుకీ మధ్యది లోపలి విభాగాలు ఒకదానికొకటి పని అందించుకునే చోటు.

ఇప్పుడు నింపండి. పెద్దాయన యంత్రం పనిచేయడం లేదని కౌంటర్‌లో ఇస్తాడు, రసీదు తీసుకుంటాడు: 4 నిమిషాలు. హద్దు కింద: యంత్రం ఒక కవర్లో, కవరు ట్రేలో, టెక్నీషియన్ తెరిచేది 3 రోజుల తర్వాత. తెరిచి చూస్తే గులిమి అడ్డుపడింది. చివరనున్న చిన్న ఫిల్టర్ మార్చితే చాలు, 5 నిమిషాల పని. అంటే ఆ మనిషి 3 రోజులు వినికిడి లేకుండా గడిపింది 5 నిమిషాల పని కోసం. కౌంటర్ దగ్గరే యంత్రాన్ని ఒకసారి చూసేలా పని మార్చితే ఇలాంటివి చాలావరకు అక్కడికక్కడే తేలిపోతాయి.

ఇంకా కిందికి రండి. 'రెడీ అయింది' అని ఎలా చెప్తున్నారు? ఫోన్ చేసి. యంత్రం వాళ్ల దగ్గరే ఉంది, మనిషికి వినపడదు! మూడుసార్లు ఫోన్ చేసి ఎత్తలేదని రాసి పక్కన పెట్టేస్తారు. వాడే మనిషి అనుభవాన్ని మాత్రమే అడుగడుగునా చూపే జర్నీ మ్యాప్‌లో ఇది 'ఎదురుచూపు, విసుగు' అనే ఒక్క ముఖం బొమ్మగా తేలిపోతుంది. బ్లూప్రింట్‌లో అయితే తప్పు ఏ వరసలో ఏ పని దగ్గర పుట్టిందో కనిపిస్తుంది. రసీదు రాసేటప్పుడే 'మీకు ఎలా చెప్పమంటారు, మెసేజా, ఇంట్లో ఇంకొకరికా' అని ఒక గడి పెట్టాలని అప్పుడు తడుతుంది.

ప్రతి గడిలో మూడు రాయండి: ఎంతసేపు పడుతుంది, ఎక్కడ తప్పిపోవచ్చు, తప్పితే ఎవరు సరిదిద్దుతారు. షోస్టాక్ 1984లో ఇచ్చిన ఉదాహరణ బూట్ పాలిష్: దులపడం 30 సెకన్లు, పాలిష్ పూయడం 30, రుద్ది మెరిపించడం 45, డబ్బు తీసుకోవడం 15, మొత్తం 2 నిమిషాలు. తప్పు జరిగే చోటు కూడా అందులో గుర్తు పెట్టి ఉంది: వేరే రంగు పాలిష్ పూయడం. అంత చిన్న పనికే సెకన్ల లెక్క ఉన్నప్పుడు మన బ్లూప్రింట్‌లో కాలం గడి ఖాళీగా ఉండకూడదు.

నాలుగోవరస:

చుక్కలదారి గారు చెప్పింది బాగుంది, కానీ ఒక జాగ్రత్త. ఊహించి నింపిన బ్లూప్రింట్ దరఖాస్తుకి మంచి కన్నా చెడు ఎక్కువ చేస్తుంది. తెర వెనక వరసలు నున్నగా, ఒక్క అడ్డంకి లేకుండా ఉంటే లోపలికి వెళ్లి చూడలేదని చదివేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. చూసి రాసిన గడికి ఒక రంగు, ఎవరో చెప్పగా రాసినదానికి ఇంకో రంగు, మీ ఊహకి చుక్కల గీత పెట్టండి. ఆ ఒక్క పనితో మీ పరిశోధన ఎంత లోతుదో నిజాయితీగా బయటపడుతుంది. మాస్టర్స్‌కి తీసుకునేవాళ్లు చూసేది కూడా దాన్నే.

సంఖ్య విషయానికొస్తే 3 ప్రాజెక్టులు చాలు. ఒకటి లోతుగా, రెండు క్లుప్తంగా. బృందంలో చేసినదైతే మీరు చేసిన పని ఏదో అదే పేజీలో రాయండి. పనిచేయని ఆలోచనని, అది ఎందుకు పనిచేయలేదో చూపించే పేజీ ఒకటి తప్పకుండా ఉండాలి.

కొత్తగీత:

చాలా ఉపయోగపడిందండీ, ముఖ్యంగా రంగుల సంగతి. ఒక్క సందేహం. నేను చేసిన ప్రాజెక్టులన్నిట్లో నాకు వాడేవాళ్ల వైపు మాత్రమే తెలుసు. తెర వెనక చూడాలంటే బయటివాళ్లని లోపలికి రానిస్తారా? వెళ్లాక ఏం చూడాలి?

తెరవెనుక:

'పరిశోధన చేస్తాను' అని అడిగితే భయపడతారు. 'ఒక పూట మీ పక్కన కూర్చుని చూస్తాను, ఫొటోలు తీయను, పేర్లు రాయను, రాసుకున్నది మీకు చూపిస్తాను' అని అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు. పై అధికారి అనుమతి ఒక్కటే చాలదు, పక్కన కూర్చోనిచ్చే మనిషిని కూడా విడిగా అడగాలి. పైనుంచి చెప్పించి కూర్చుంటే ఆ పూట అంతా నియమాల ప్రకారమే నడుస్తుంది, మీకు అసలు పని కనిపించదు.

ఒకే పూట రెండుసార్లు కాకుండా, రద్దీ పూట ఒకటి, ఖాళీ పూట ఒకటి చూడండి. వెళ్లాక అన్నిటికన్నా ముందు గోడలు చూడండి. మానిటర్ అంచున అంటించిన చీటీలు, సిబ్బంది సొంతంగా పెట్టుకున్న నోటుపుస్తకం, సొరుగులో ఉన్న జిరాక్స్ ఫారాల కట్ట. చేత్తో రాసిన ప్రతి చీటీ వెనకా వ్యవస్థ చేయలేక మనిషి మోస్తున్న పని ఒకటి ఉంటుంది. 'ఇది ఎప్పుడు అంటించారు, ఎందుకు?' అని అడిగితే చాలు, సుదీర్ఘమైన ఇంటర్వ్యూలో రానిది కూడా వచ్చేస్తుంది.

ఒక పని ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్లే చోట ఆగండి. సేవలు ఎక్కువగా చెడేది అక్కడే. ఇచ్చినవాళ్లు తమ పని అయిపోయిందనుకుంటారు, తీసుకోవాల్సినవాళ్లకి అది వచ్చిందనే తెలియదు.

నాలుగోవరస:

థీసిస్ ప్రశ్న మిగిలిపోయింది. బ్రిటన్ లెక్కన అది తరచుగా 60 క్రెడిట్లు, 600 గంటలు. చాలా ఉన్నట్టు కనిపిస్తుంది, చాలదు.

ఇరుక్కుపోయేది మొదట అంశం దగ్గర. 'వృద్ధులకు ఆరోగ్య సేవలు' థీసిస్ అంశం కాదు. 'మరమ్మతుకిచ్చిన వినికిడి యంత్రం తిరిగి చేతికి వచ్చేదాకా' అనేది అంశం. మొదలు, ముగింపు రెండూ ఒక వాక్యంలో చెప్పలేకపోతే ఇంకా తగ్గించాలి.

తర్వాత ఎథిక్స్ అనుమతి, అంటే మనుషులతో పరిశోధన చేయడానికి తీసుకోవాల్సిన నైతిక అనుమతి. రోగులు, పిల్లలు ఉన్న అంశమైతే విశ్వవిద్యాలయం అనుమతితో పాటు ఆ సంస్థ అనుమతి కూడా కావాల్సి వస్తుంది, వారాలు పడుతుంది. అది రాకముందు చేసిన ఇంటర్వ్యూలు థీసిస్‌లో వాడుకోవడానికి వీలుండదు. అందుకని సమాచార పత్రం, సమ్మతి పత్రం, ప్రశ్నల జాబితా మొదటి రెండు వారాల్లోనే తయారైపోవాలి. అనుమతి కోసం ఎదురుచూసే రోజుల్లో సంస్థ బహిరంగంగా పెట్టిన ఫారాలు, నియమాలు, ఫిర్యాదుల పద్ధతి చదివి మొదటి బ్లూప్రింట్‌ని చుక్కల గీతలతో గీసి పెట్టుకోండి.

మనుషుల సంఖ్యలో సమతూకం చూడాలి. వాడేవాళ్లు 8 నుంచి 10 మంది, కౌంటర్ దగ్గరా లోపలా పనిచేసేవాళ్లు 5, 6 మంది, నిర్ణయాలు తీసుకునేవాళ్లు 2, 3. ఇరవై మంది వాడేవాళ్లనీ ఒక్క మేనేజర్‌నీ కలిసినవాళ్ల థీసిస్ చివరికి కోరికల పట్టీగా తేలుతుంది. ఒప్పుకుని కూడా రానివాళ్లు ఉంటారు కనుక కావాల్సినదానికన్నా ముగ్గుర్ని ఎక్కువ పిలవండి. గంట రికార్డింగ్‌ని చేత్తో రాయడానికి 4 నుంచి 6 గంటలు పడుతుంది. 45 నిమిషాల ఇంటర్వ్యూలు 16 అంటే 12 గంటల మాట, 48 నుంచి 72 గంటల రాత. సాఫ్ట్‌వేర్‌తో తగ్గించవచ్చు, కానీ సరిచూసుకునే పని మిగులుతుంది.

సేవతో సంబంధం ఉన్నవాళ్లంతా కలిసి డిజైన్ చేసే కో-డిజైన్ వర్క్‌షాప్‌లో మాటిమాటికీ జరిగే పొరపాటు ఒకటుంది. పై అధికారినీ కౌంటర్ సిబ్బందినీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెడతారు. అందరూ నవ్వుతూ చీటీలు అంటిస్తారు, అసలు మాట ఒక్కటీ రాదు. ముందు సిబ్బందితో విడిగా కూర్చుని, వాళ్ల మాటల్ని పేర్లు లేకుండా రాసి, రెండో సమావేశంలో అధికారుల ముందు పెట్టండి.

ప్రోటోటైప్‌ని స్క్రీన్‌తో మొదలుపెట్టకండి. బల్ల మీద కాగితం పరిచి, మనుషులకి చిన్న బొమ్మలు పెట్టి, సేవని మొదటి నుంచి చివరిదాకా కదుపుతూ ఒకసారి నడపండి. 'ఇప్పుడు ఈ కవరు ఎవరి చేతిలో ఉంది?' అని ప్రతి అడుగులో అడగండి. ఆ తర్వాత అసలు కౌంటర్ దగ్గర, అసలు సిబ్బందితో, రద్దీ లేని ఒక పూట అభినయించి చూడండి. గడియారం పెట్టుకోండి. కౌంటర్ దగ్గరే యంత్రం చూడటం వల్ల ఒక్కొక్కరికి 4 నిమిషాలు 9 అయితే వెనక వరుసలో ఉన్నవాళ్ల సంగతేమిటో థీసిస్‌లో రాయాలి. పరీక్షకులు అడిగేది కూడా అదే: ఈ అదనపు 5 నిమిషాలు ఎవరివి?

చుక్కలదారి:

దానికి కొంచెం చేర్పు. థీసిస్ చివర్లో 'అమలు' అని ఒక్క పేజీ పెట్టి వదిలేస్తారు, అక్కడే మార్కులు పోతాయి. రేపటి నుంచే చేయగలిగినది, ఒక ఫారం మారిస్తే చాలేది, బడ్జెటో నియమమో మారాల్సినది అని మూడుగా విడదీయండి. ప్రతిదాని పక్కనా ఏ హోదాలో ఉన్నవాళ్లు దాన్ని ఒప్పుకోవాలో రాయండి. ఆ హోదాలో ఉన్న మనిషిని ఇంటర్వ్యూ చేసి ఉండకపోతే, థీసిస్ అప్పగించేలోపు ఇంకో ఇంటర్వ్యూ బాకీ ఉందని అర్థం.