బడిలో నాటకం నేర్పే టీచర్లకు శిక్షణ, తోడ్పాటు ఎక్కడ దొరుకుతాయి?

ప్రశ్న: లంక బడి తెలుగు టీచరు

నమస్కారమండి. పి.గన్నవరం దగ్గర గోదావరి పాయల మధ్యనున్న ఒక లంక గ్రామంలోని ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. "తెలుగు టీచరే కదా" అన్న ఒక్క కారణంతో నిరుడు వార్షికోత్సవ నాటకం బాధ్యత నాకు అప్పగించారు. నేను ఏనాడూ ముఖానికి రంగు పూసుకున్నదాన్ని కాదు, బి.ఎడ్.లో మాకు ఈ విషయం చెప్పినవారూ లేరు. పిల్లలు సంభాషణలన్నీ తప్పు పోకుండా అప్పజెప్పారు. అయితే వేదికమీద ఉన్న ఒకే ఒక్క మైకు దగ్గరకు వంతులవారీగా వచ్చి, తమ మాట చెప్పి, వెనక్కి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డారు. తండ్రి వేషం వేసిన కుర్రవాడు కొడుకును తిట్టవలసిన చోట మైకునే తిట్టాడు. ఊరివాళ్లు చప్పట్లు కొట్టారు గానీ నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఈ ఏడాది మళ్లీ నాకే ఇచ్చారు. ఉద్యోగంలో ఉన్న టీచర్లకు ఇందులో శిక్షణ ఇచ్చే సంస్థలు ఉన్నాయా? ఇల్లు వదిలి దూరం వెళ్లలేని వారికి దగ్గరలో దారి ఏమిటి?

జవాబు: విశ్రాంత మాస్టారు, పాలకొల్లు

అమ్మా, మీకు రంగు పూసుకున్న అనుభవం లేకపోవడం లోటు కాదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1880లో రాజమహేంద్రవరంలో నాటకం ఆడించింది తన విద్యార్థుల చేతనే. ఆయనా బడి పంతులే. మన వైపు పరిషత్తు నాటకాలు (పోటీ నాటకాలు) ఆడినవారు ఊరికి ఒకరిద్దరైనా ఉంటారు, పిలిస్తే కాదనరు. వారితో ఉన్న చిక్కల్లా తాము చేసి చూపించి, అలాగే చెయ్యమనడం. ఆ తప్పు నేనూ చాలా ఏళ్లు చేశాను. చివరకు నా బడిలో తండ్రి వేషం వేసిన ప్రతి పిల్లవాడూ నాలాగే దగ్గేవాడు.

గొంతు విషయంలో మాత్రం పాత నటుల దగ్గర నేర్చుకోవలసింది ఎంతో ఉంది. నేను సాయంత్రాలు పిల్లలను పంట కాలువకు చెరొక గట్టున నిలబెట్టి, అరవకుండా, ఎదుటివారికి ప్రతి అక్షరమూ వినబడేలా మాట్లాడించేవాణ్ణి. గొంతు చించుకుంటే నీళ్లమీద మాట చెదిరిపోతుందని, ఊపిరి నిండా తీసుకుని అచ్చులను కాస్త సాగదీస్తే అవతలి గట్టుకు చేరుతుందని వారం రోజుల్లో వాళ్లే కనిపెట్టారు. పైగా అక్కడ మైకు ఉండదు కాబట్టి మనిషిని చూసి మాట్లాడక తప్పదు. ముందు ఒక పెద్దమనిషిని గట్టున కాపలా ఉంచండి.

జవాబు: రంగస్థల విద్యార్థి, రాజమహేంద్రవరం

మేడమ్, సంస్థల సంగతి చెబుతాను. సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం (సీసీఆర్‌టీ) 1979లో ఢిల్లీలో ఏర్పడింది. హైదరాబాదులో దాని ప్రాంతీయ కేంద్రం ఉంది. అది ఉద్యోగంలో ఉన్న టీచర్ల కోసమే శిక్షణ తరగతులు నడుపుతుంది, నామినేషన్లు రాష్ట్ర విద్యాశాఖ ద్వారా వెళ్తాయి. జాతీయ నాటక పాఠశాలకు అగర్తలలో విద్యలో నాటకం గురించి ఏడాది కోర్సు ఉంది గానీ, అది అక్కడే ఉండి చదవవలసినది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కళల శాఖ ఉంది. ఎవరైనా విద్యార్థిని రెండు రోజులు మీ బడికి పంపగలరా అని ఒక ఉత్తరం రాసి చూడండి.

ఇంకొక మాట. బడి నాటకమంటే వార్షికోత్సవమే కానక్కరలేదు. ఇంగ్లండులో డొరతీ హీత్‌కోట్ అనే బోధకురాలు టీచరు తానే ఒక పాత్రలోకి దిగి తరగతిని నడిపే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చారు. మీ లంకలో అది ఎలా ఉంటుందంటే, తరగతి అంతా వరద ముంచెత్తబోతున్న ఊరు, మీరు ఖాళీ చెయ్యమని చెప్పడానికి వచ్చిన రెవెన్యూ అధికారి. పడవలో పదిమందికే చోటుంది. ముందు ఎవరు ఎక్కాలి, గేదెలను ఏం చెయ్యాలి, రానని మొండికేసిన ముసలమ్మకు ఎవరు నచ్చజెప్పాలి? రాసిన సంభాషణ ఒక్కటీ ఉండదు, అయినా ఎవరి నోరూ మూతపడదు. మీ పిల్లలకు గోదావరి పొంగడం ఒకరు నేర్పవలసిన సంగతి కాదు కదా.

జవాబు: సైన్సు టీచరు, కాకినాడ

పైవారు చెప్పినవన్నీ సబబే గానీ, శిక్షణ దొరకకపోవడమే అసలు కష్టమంటే నేను ఒప్పుకోను. నేను సీసీఆర్‌టీలో బొమ్మలాటతో బోధన గురించిన శిక్షణకు వెళ్లి ఉత్సాహంగా తిరిగి వచ్చాను. వచ్చాక టైమ్‌టేబుల్‌లో దానికి ఒక్క పీరియడు లేదు. విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూలు ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలి. ఆ మాట చూపించి, కనీసం వారానికి ఒక పీరియడు హెడ్‌మాస్టరుగారి చేత రాయించుకోండి. అది లేనిదే ఏ శిక్షణా నిలవదు.

రెండోది, ఒంటరిగా చెయ్యకండి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో మీలాంటివారు మరో ముగ్గురు తప్పక దొరుకుతారు. నెలకొకసారి ఒకరి తరగతిని మరొకరు చూసి, బాగోలేనిది మొహమాటం లేకుండా చెప్పుకుంటే, దూరాన ఐదు రోజుల తరగతికన్నా అది మేలు. మా దగ్గర సామర్లకోట మండలంలోని మాధవపట్నంలో తోలుబొమ్మలాట కళాకారులు ఉన్నారు. వారిని పిలిచినప్పుడు ప్రదర్శన చూసి చప్పట్లు కొట్టి పంపకుండా, తెర వెనుక కూర్చోబెట్టమని అడగండి. ఒకే మనిషి గొంతు మార్చి ఇద్దరి పోట్లాట పలికిస్తుంటే అక్కడ పిల్లలు చూసినది నేను నెల రోజులు చెప్పినా వచ్చేది కాదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలండి. కాలువ గట్టు సలహా నిన్న సాయంత్రమే అమలు చేశాను. కాపలాకు మా అటెండరుగారు వచ్చారు. నిరుడు మైకును తిట్టిన కుర్రవాడు అవతలి గట్టునుంచి "ఒరేయ్, ఇటు చూడరా" అన్నాడు. సంభాషణలో లేని మాట అది. పీరియడు సంగతి సోమవారం హెడ్‌మాస్టరుగారిని అడగబోతున్నాను. సీసీఆర్‌టీ నామినేషనుకు దరఖాస్తు మొదట మండల విద్యాశాఖాధికారికి ఇవ్వాలా, నేరుగా జిల్లా కార్యాలయానికా, వెళ్లివచ్చినవారు తెలియజేయగలరు.