పిల్లలకు రాయడం నేర్పుతుంటే నా రాత మళ్లీ మొదలైంది, మీకూ ఇలా జరిగిందా?

చిత్తుకాగితం:
వారానికి 2 రోజులు 13, 14 ఏళ్ల పిల్లలకు కథలు, కవితలు రాయడం నేర్పుతున్నాను. నేను రాయడం మానేసి నాలుగేళ్లు దాటింది, మొదటి వాక్యాన్నే పదిసార్లు కొట్టేసి లేచిపోయేదాన్ని. క్లాసులో మాత్రం ఒక రూలు పెట్టాను: 10 నిమిషాలు పెన్ను ఆగకూడదు, కొట్టివేతలు వద్దు, ఏమీ తోచకపోతే ‘ఏమీ తోచడం లేదు’ అనే రాయండి అని. ఒకరోజు వెనక బెంచీ అమ్మాయి, ‘మీరు చూస్తూ కూర్చుంటే టెన్షన్‌గా ఉంది టీచర్, మీరూ రాయండి’ అంది. రాశాను. వాళ్లతో పాటు చదివి వినిపిస్తుంటే చేతులు వణికాయి. అప్పటి నుంచి రోజూ రాస్తున్నాను.

ఒక సందేహం మాత్రం పీకుతోంది. ‘తాతయ్య పోయినా ఆయన దగ్గు మా ఇంట్లోనే ఉంది’ అని ఒకబ్బాయి రాశాడు. ఆ వాక్యం నన్ను వదలట్లేదు, నా కథలోకి వచ్చేసేలా ఉంది. రానివ్వచ్చా?

తెరవెనుక:
వద్దండీ, ఆ వాక్యం వాడిది. అంతగా కావాలంటే వాడినే అడగండి. మీ ఇంట్లో మిగిలిపోయిన చప్పుడేదో వెతుక్కోండి, అది మీది. నేను నాటకం నేర్పుతాను. అప్పటికప్పుడు అల్లే సన్నివేశంలో ఎదుటివాళ్లు అన్నదాన్ని కాదనకుండా దానికి ఇంకోటి కలపాలని పిల్లలకు రోజూ చెప్తాను, అలా చెప్తుండగానే రిహార్సల్‌లో నటులు ఏం చెప్పినా నేను కాదంటున్నానని తెలిసొచ్చింది.

ఎర్రసిరా:
అందరికీ ఇలా ఉండదు. 40 నోటుబుక్కులు దిద్దాక నాకు మిగిలేది తలనొప్పే. ఒక నెల మార్కులు వేయకుండా, ప్రతి పిల్లాడి రాతలో నాకు నచ్చిన ఒక్క వాక్యం కింద గీత గీసి ఇచ్చాను. ఆ నెల మాత్రం పుస్తకాలు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూశాను.

రంగుపెట్టె:
1897లో వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ అనే ఆయన పిల్లల కోసం ఆర్ట్ క్లాసు తెరిచాడు. నమూనా చూసి దించడమే డ్రాయింగ్ అనుకునే రోజుల్లో, వాళ్లకు తోచింది వాళ్లను గీయనివ్వండి అన్న మనిషి. నేనూ మొదట్లో పిల్లల గీతలు సరిదిద్దేదాన్ని. చిన్నపిల్లలు ఇల్లు గీస్తే గోడా కనిపిస్తుంది, గోడ వెనక మంచం మీద పడుకున్న అమ్మా కనిపిస్తుంది, చూశారా? అది తప్పని చెప్పబోయి ఆగిపోయాను, ఎందుకంటే ఏడాదిగా నేను వేయలేక పక్కన పెట్టిన బొమ్మకు కావలసింది అదే. ఆ రాత్రే ఇంటికెళ్లి గోడలు తీసేసి మళ్లీ మొదలుపెట్టాను.

చిత్తుకాగితం:
అడిగాను. ‘ఇవ్వను టీచర్, దాంతో నేనే పెద్ద కథ రాస్తాను’ అన్నాడు, నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. నా కథలోకి ఇప్పుడు మా అమ్మ కుట్టుమిషన్ చప్పుడు వచ్చింది. శనివారం మొదటి పేజీ క్లాసులో చదువుతాను, వాడు ఏమంటాడో చూడాలి.